ఆసు చూడకుండా చీర కొనకండి

భూదాన్ పోచంపల్లి వచ్చినవాళ్లు వినోబా మందిరంలో ఫొటోలు దిగుతారు, పర్యాటక కేంద్రంలోని మ్యూజియంలో ఓ చుట్టు తిరుగుతారు, ఆపైన నేరుగా చీరల దుకాణాలకు పోతారు. వాళ్లను ఆపి ఒక్కమాట చెప్పాలనిపిస్తుంది: ముందు ఎవరింట్లోనైనా ఆసు పోస్తుంటే చూసి రండి, చీర ధర గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆసు అంటే ఓ చట్రం. ఒక కొసన మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల వరస. పేక నూలును ఈ కొస నుంచి ఆ వరసకు, అటు నుంచి మళ్లీ ఇటు, చెయ్యి చాపి చాపి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు! ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే ఇంకా ముందే ఇవ్వాల్సింది.

ఆసు పోసిన నూలు మీద గ్రాఫు కాగితం ప్రకారం గుర్తులు పెడతారు. రంగు తగలకూడని చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మళ్లీ వేరేచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. గుడ్డ ఇంకా పుట్టనేలేదు, ఏనుగూ చిలకా అప్పటికే నూలులో ఉన్నాయి! ఇలా కట్టి, రంగులద్ది నేసేదే ఇక్కత్. డబుల్ ఇక్కత్‌లోనైతే పడుగుకూ కట్లే, పేకకూ కట్లే. గుంత మగ్గం మీద పడుగులోని ఎరుపు చుక్క పేకలోని ఎరుపు చుక్కను కలుసుకోవాలి. కలవకపోతే నేతగాడు అక్కడే ఆగి పోగును సర్దుకుంటాడు. ఇక్కత్ అంచుల్లో కనిపించే ఆ సన్నని మసక చేతిపనికి సాక్ష్యం. దాన్ని లోపమనేవాళ్లతో నాకు వాదన లేదు, జాలి మాత్రమే.

ఈ విద్య చీరాల నుంచి వచ్చిందంటారు, వందేళ్ల పైమాటే అంటారు. చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు ఓడలెక్కిన కాలమది. నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించిన నూలు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఆ మూడు రంగులతో పుట్టపాక ఊళ్లో గజం ఇంటిపేరున్న నేతగాళ్లు చేసే పని చూస్తే ఇక వేరే రంగులెందుకనిపిస్తుంది. గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. పోచంపల్లికి పేరొచ్చింది, పుట్టపాకకు పనితనముంది అంటే పోచంపల్లి మిత్రులు కోప్పడతారు. కోప్పడనీ.

పోచంపల్లి చరిత్ర కూడా చిన్నది కాదు. 1951 ఏప్రిల్ 18న దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని నిలబడ్డ ఊరిది, భూదానోద్యమం పుట్టిన ఊరిది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. బోర్డులు వెలిశాయి, సంతోషం.

మరి మగ్గం సంగతి? పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలైంది. అయినా నగరంలో ఏ బజారుకెళ్లినా ‘పోచంపల్లి’ పేరుతో అచ్చు గుద్దిన పాలిస్టర్ గుడ్డ వేలాడుతూనే ఉంటుంది. ఓ కుటుంబమంతా రోజుల తరబడి కూర్చుని కట్టిన డిజైనును యంత్రం నిమిషాల్లో గుద్ది పారేస్తోంది. ఇది పోటీ కాదు, పట్టపగటి దొంగతనం. కొనేవాళ్లకూ ఇందులో వాటా ఉంది. పెళ్లికి లక్షలు పోసి, నేతగాడి దగ్గర వంద రూపాయలకు బేరమాడతాం. ఆ ఇంటి పిల్లలు మగ్గం దిగి హైదరాబాదులో కూలికి పోతే వాళ్లనేమని తప్పుపడతాం?

అందుకే మ్యూజియం నిర్వాహకులకు నా విన్నపం. రోజుకూలి ఇచ్చి ఒక ఆసు పోసే అమ్మను, ఒక చిటికి కట్టేవాణ్ణి అక్కడ కూర్చోబెట్టండి. పక్కనే గోడకు ఒక అసలు ఇక్కత్, ఒక నకిలీ అచ్చు గుడ్డ వేలాడదీయండి. అసలుది రెండువైపులా ఒకేలా, రంగు నిండుగా ఉంటుంది, అచ్చుది వెనకవైపు వెలవెలబోతుంది. అద్దాల బీరువాలో మాత్రం పెట్టకండి. వచ్చిన ప్రతివాళ్లూ చేత్తో పట్టుకుని తిరగేసి చూడాలి.