పాట పూర్తయ్యేదాకా

ఆరుగురు పిల్లలు కాళ్ళు చాపుకుని వరసగా కూర్చున్నారు. అమ్మమ్మ పాడుతూ ఒక్కో మాటకు ఒక్కో కాలిని తాకుతూ వెళ్తోంది. ఆఖరి మాట ఎవరి కాలి మీద పడితే వాళ్ళు ఆ కాలు ముడుచుకోవాలి. చివరనున్న నాలుగేళ్ళ బుడతడికి తొందర. అమ్మమ్మ చెయ్యి ఇంకా రెండు కాళ్ళ అవతల ఉండగానే వాడి మోకాలు పైకి లేవబోయింది. రెండు చేతులతో దాన్ని నొక్కిపట్టుకుని, పెదవి బిగించి, పాట వైపు చెవి పెట్టాడు.

ఆ నొక్కిపట్టడమే నిగ్రహం. ఈ కాళ్ళాగజ్జె ఆట దాన్ని ఒక్క పూటలో పదిసార్లు సాధన చేయిస్తుంది. కుదురుగా ఉండమని ఎంత చెప్పినా పిల్లలకు ఎంతసేపు ఉండాలో తెలియదు. పాటకు మాత్రం ముగింపు ఉంది. అది ఎప్పుడొస్తుందో చెవికి తెలుసు. అందుకే ఎదురుచూపు భారమనిపించదు.

నిగ్రహంలో మూడు పనులున్నాయి: చేయబోయేది ఆపుకోవడం, నియమం గుర్తుంచుకోవడం, నియమం మారితే దానికి తగ్గట్టు మారడం. మొదటిది కాళ్ళాగజ్జె నేర్పుతుంది. రెండోది చెమ్మచెక్కలో ఉంది. సొంత చప్పట్లు ఎప్పుడు, ఎదుటివారి అరచేయి ఎప్పుడు అన్న వరస తప్పకూడదు, పాట వేగం పెరిగినా సరే. ఒప్పులకుప్పలో ఇద్దరూ చేతులు పెనవేసి, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు. ఒకరు పట్టు వదిలితే ఇద్దరూ పడతారు. తన జోరును జతగత్తె జోరుకు సరిపెట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది.

మూడోదానికి అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన షానా టామినీ, మేగన్ మెక్‌క్లెలాండ్ 65 మంది చిన్నారులతో చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. అందులో కొంతమందిని ఎనిమిది వారాల పాటు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఆడించారు. నెమ్మది పాటకు నెమ్మదిగా, వేగం పాటకు వేగంగా ఆడాలి. పాట ఆగితే బొమ్మల్లా నిలబడాలి. తర్వాత నియమం తిరగబడుతుంది: వేగం పాటకు నెమ్మదిగా ఆడాలి. మొదట్లో నిగ్రహం తక్కువగా ఉన్న పిల్లలు ఈ ఆటలతో బాగా మెరుగుపడ్డారు.

ఇలాంటి ఆట ఇంట్లో ఆడించడానికి కావలసింది ఒక పళ్ళెం, ఒక గరిటె. వాయిస్తే నడవాలి, ఆపితే ఆగాలి. నాలుగు రోజుల తర్వాత నియమం తిప్పేయండి. తప్పు చేసిన పిల్లను మాత్రం ఆటలోంచి పక్కకు పంపకండి. అందరికన్నా ఎక్కువగా ఆడాల్సింది ఆ పిల్లే.

ఆ బుడతడి కాలి మీద ఆఖరి మాట పడింది. చేతులు తీసేసి, దర్జాగా కాలు ముడుచుకున్నాడు.