మినారి: మా నాన్న చూసిన సినిమా

సినిమా మొదలై అరగంట కాలేదు, మా నాన్న సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నాడు. తెర మీద జేకబ్ అనే కొరియన్ రైతు, నీళ్ళెక్కడ పడతాయో పుల్లతో చూసి చెప్పే మనిషిని డబ్బు దండగని పంపించేసి, కొడుకుని వెంటేసుకుని తనే పొలమంతా తిరుగుతున్నాడు. చెట్లు గుబురుగా ఉన్న పల్లం కనపడింది. నీళ్ళు పల్లానికేగా చేరేది అని అక్కడ తవ్వడం మొదలుపెట్టాడు.

"నీళ్ళు పడతయ్యిరా, నిలబడవు," అన్నాడు నాన్న.

కాసేపటికి సినిమాలో ఆ బావి ఎండిపోయింది. నాన్న నావైపు చూడను కూడా చూడలేదు. అప్పటిదాకా నేను ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెబుతున్నాను. "నువ్వు ఊరుకో, నాకు తెలుస్తానే ఉంది," అన్నాడు.

మాది పర్చూరు పక్కన పల్లె. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నేను దేశం మారితే, మా ఊరు కదలకుండానే జిల్లా మారింది. డాలస్ దగ్గర ఉంటున్నాను, పదేళ్ళు దాటింది. 'మినారి' అంతకుముందు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నాకది వలస వచ్చిన కుటుంబం కథ, అమ్మమ్మ కథ. నేను చదివిన రివ్యూలూ ఎక్కువగా అవే మాటలు చెప్పాయి. నాన్న పక్కన కూర్చుని చూసిన మూడోసారి మాత్రం అది వ్యవసాయం సినిమాగా కనపడింది. అప్పటి నుంచి మన ప్రవాస కథల మీద నాకొక ఫిర్యాదు మొదలైంది.

ముందు సినిమా గురించి. దర్శకుడు లీ ఐజక్ చంగ్ తన చిన్నతనాన్ని ఆధారం చేసుకుని 2020లో తీసిన సినిమా ఇది. 1980లలో ఒక కొరియన్ కుటుంబం కాలిఫోర్నియా నుంచి ఆర్కన్సాలోని పల్లెకి వస్తుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ హేచరీలో కోడిపిల్లల్ని ఆడా మగా వేరుచేసే పనిలో ఉంటారు. ఏటా 30 వేలమంది కొరియన్లు అమెరికా వస్తున్నారు, వాళ్ళకి వాళ్ళ కూరగాయలు కావాలి కదా అన్నది జేకబ్ లెక్క. మోనికాకి చక్రాల మీద నిలబెట్టిన ఆ ఇల్లు చూసిన క్షణమే మనసు విరిగిపోతుంది. కొడుక్కి గుండె జబ్బు, ఆస్పత్రి చూస్తే గంట దూరం. పిల్లల్ని చూసుకోవడానికి కొరియా నుంచి అమ్మమ్మ వస్తుంది. ఆ పాత్రకి యున్ యుహ్-జంగ్‌కి 2021లో ఆస్కార్ వచ్చింది.

అమెరికాలో, అమెరికన్ దర్శకుడు, అమెరికన్ డబ్బుతో తీసిన ఈ సినిమాని గోల్డెన్ గ్లోబ్స్ వాళ్ళు విదేశీ భాషా చిత్రాల్లో పడేశారు, మాటలు ఎక్కువ కొరియన్‌లో ఉన్నాయని. ఆ విభాగంలోనే అవార్డూ ఇచ్చారు. ఒక కుటుంబం ఇక్కడ ఎలా వేళ్ళూనుకుందో చెప్పిన సినిమాకి 'నువ్వు బయటిదానివి' అని సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది.

అమ్మమ్మ దిగగానే మూటలు విప్పుతుంది. మిరప్పొడి, ఎండు చేపలు. మోనికా ఆ కారం పొట్లం చూసి ఏడ్చేస్తుంది. గుంటూరు మిరప యార్డు ఘాటు ఎరిగిన వాళ్ళెవరికీ ఆ కన్నీళ్ళకి సబ్‌టైటిల్ అక్కర్లేదు. 23 కిలోలకి తూకం వేసిన సూట్‌కేసులో మా అమ్మ ఏం సర్దుతుందో నాకు తెలుసు. మన ప్రవాస కథలు చాలావరకు ఈ సీను దగ్గరే ఆగిపోతాయి. కారం, పచ్చడి, సంక్రాంతి, పిల్లలకి తెలుగు రావట్లేదన్న బెంగ, అమ్మాయి పెళ్ళి. 'మినారి'కి ఈ సీను దారిలో వచ్చే ఒక మజిలీ మాత్రమే. తర్వాత కథ మళ్ళీ పొలంలోకి, అప్పులోకి వెళ్ళిపోతుంది.

జంధ్యాల 'పడమటి సంధ్యారాగం' 1987లో వచ్చింది, అమెరికాలోనే తీశారు. 'మినారి' కథ కూడా ఆ దశాబ్దంలోదే. తెలుగమ్మాయి అమెరికన్ అబ్బాయిని ప్రేమించడం, ఆచారం వదలని తండ్రి. ఆ రోజుల్లో అలాంటి కథ చెప్పడం ధైర్యమే. ఇప్పటికీ ఇష్టంగా చూస్తాను. కానీ అందులో పరాయి దేశం అనే చిక్కు పూర్తిగా పెళ్ళి చుట్టూ, సంప్రదాయం చుట్టూ తిరుగుతుంది. తర్వాత వచ్చిన కథల్లోనూ చాలావరకు అదే దారి. మనం సంస్కృతిని వదిలి వచ్చామని రాసుకున్నాం. మాలో చాలామంది వదిలి వచ్చింది పొలాన్ని. ఆ సంగతి కథల్లో కనపడదు.

'మినారి'లో ఒక చిన్న మాట వస్తుంది. జేకబ్ కొన్న పొలాన్ని అంతకుముందు చేసిన మనిషి దివాలా తీసి కాల్చుకుని చచ్చిపోయాడట. సినిమా అక్కడ ఆగదు, సాగిపోతుంది. నాన్న ఆగమన్నాడు. రిమోట్ నా చేతిలోనే ఉంది. "ఇక్కడ కూడానా?" అన్నాడు.

సంధ్యారాగం విడుదలైన ఆ 1987లోనే గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ దోమ ఇంకా రెచ్చిపోయింది. 1987–88లో అప్పులు తీర్చలేక పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. నేను పుట్టింది ఆ మరుసటి ఏడు. మా ఇంట్లో ఎవరూ పోలేదు. కానీ నేను పుట్టేనాటికే నన్ను పొలంలో దించకూడదన్న నిర్ణయం జరిగిపోయింది. దారి కూడా అప్పటికే సిద్ధంగా ఉంది. బాపట్లలో 1981లో, గుంటూరు దగ్గర చౌడవరంలో 1985లో ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చేశాయి. నా ఫీజు ఒక ఏడు మిరప కట్టింది, ఒక ఏడు అమ్మిన అరెకరం కట్టింది. నా హెచ్-1బీ కథ ఎయిర్‌పోర్టులో మొదలు కాలేదు. ఈ ముక్క మన కథల్లో ఎక్కడుంది అన్నదే నా ఫిర్యాదు.

భూమి పట్టుకుని పరాయిచోట స్థిరపడిన వాళ్ళు మనకి లేకా కాదు. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు ఇక్కడ కొంచెం అమ్మి అక్కడ ఎక్కువ కొనుక్కుని సింధనూరు, గంగావతి వైపు వెళ్ళారు. వాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు, మూడు తరాలు గడిచినా, తాత్కాలికంగా దిగినట్టు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం. వాళ్ళు సరిహద్దు దాటింది ఒక రాష్ట్రానిదే. కానీ 'మినారి'కి దగ్గరి చుట్టం, నా డాలస్ జీవితం కన్నా, వాళ్ళ కథే.

మళ్ళీ సినిమాకొస్తే, నా దృష్టిలో అసలు సీను చివర్లో ఉంది. డాలస్ వ్యాపారి ఆఖరి నిమిషంలో ఆర్డర్ ఎగ్గొడతాడు (ఆ ఊరి పేరు విన్నప్పుడల్లా నాకు కొంచెం ఇబ్బంది). చివరికి ఓక్లహోమా సిటీలో ఒక కొట్టువాడు కూరగాయలు తీసుకుంటానంటాడు. జేకబ్ గెలిచాడు. బయటికొచ్చాక మోనికా చెబుతుంది, ఇక నీతో నావల్ల కాదని. ఇంటికొచ్చేసరికి పంట దాచిన కొట్టం తగలబడుతుంటుంది. పక్షవాతం వచ్చిన అమ్మమ్మ చెత్త తగలెట్టబోతే నిప్పంటుకుంది. అప్పుడు మోనికా పరిగెత్తుతుంది, మంటల్లోకి, ఆ కూరగాయల పెట్టెల కోసం. ఆ నేలని ఒక్కరోజు కూడా ఇష్టపడని మనిషి. ఆమెకి ఆ చోటు ఎప్పుడు తనదయిందని ఎవరైనా అడిగితే నేను ఆ నిమిషం చూపిస్తాను. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి అక్కడ ఉన్నప్పుడే ఆ చోటు మనదవుతుందేమో.

"ఇన్సూరెన్స్ ఉండిద్దా?" అన్నాడు నాన్న. అంతకంటే మంచి విమర్శ నేను రాయలేను. సినిమా ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు. అన్నీ కాలిపోయాక అందరూ నేల మీద పక్కపక్కన పడుకుని నిద్రపోతారు. తర్వాత జేకబ్, మొదట్లో వద్దన్న పుల్ల మనిషి చేతే నీటి జాడ చూపించుకుంటాడు. చూడటానికి బాగుంది. కానీ మళ్ళీ బావికి డబ్బెక్కడిది? నిప్పు కుటుంబాన్ని కలిపినంత తేలిగ్గా బాకీ మాఫీ కాదు. ఇంకో లోటు అక్క పాత్ర, ఆన్. తమ్ముడిని కనిపెట్టుకుని ఉండటం తప్ప ఆ పిల్లకి సొంత బాధంటూ ఒకటుందో లేదో సినిమా పట్టించుకోలేదు. ఊరివాళ్ళు కూడా కాస్త ఎక్కువ మంచివాళ్ళు.

ఆ వారాంతం నాన్నని లబ్బక్ వైపు తీసుకెళ్ళాను. అమెరికాలో ఎక్కువ పత్తి పండేది టెక్సాస్‌లోనే. కనుచూపు మేర చేను, మోకాలెత్తు మొక్కలు. రోడ్డు పక్కన దిగి ఒక మొక్కకి కాయలు లెక్కపెట్టాడు. చుట్టూ చూసి "కూలోళ్ళేర్రా?" అన్నాడు. మిషన్లతో తీస్తారని చెప్పాను. మన దగ్గర పండే పత్తి కూడా ఎక్కువ అమెరికా జాతిదేనని, మిరపని కూడా 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు ఇటునుంచే మోసుకొచ్చారని చెప్పాను. నమ్మలేదు. "గుంటూరు మిరప్కాయి గుంటూరుది కాదంటావేంది," అని నవ్వాడు.

సినిమా చివర్లో తండ్రీ కొడుకులు వాగు ఒడ్డున అమ్మమ్మ వేసిన మినారి ఆకు కోసుకుంటారు. ఎక్కడ వేసినా బతికే ఆకు. ఎవరూ నీళ్ళు పెట్టలేదు, ఎవరూ అప్పు చేయలేదు. "అన్నీ పోయినాక ఆ ముసలామె ఏసిందే మిగిలింది," అన్నాడు నాన్న.

వెళ్ళేముందు ఇండియన్ స్టోర్‌లో గోంగూర విత్తనాలు కొనిపించి, పెరట్లో ఏసీ నీళ్ళు కారేచోట చల్లాడు. టెక్సాస్ ఎండకి ఏపుగా పెరిగింది. ఊరెళ్ళాక ఫోన్‌లో అడిగాడు, మిగిలిన ఎకరంన్నర అమ్మేద్దామా అని. "నువ్వొచ్చి చేస్తావా ఏంది?" అన్నాడు. కోపం లేదు, నిజంగానే అడిగాడు. ఇంకా జవాబు చెప్పలేదు.

చలి పడితే మొక్క చచ్చిపోతుంది, ఒకటి కొయ్యకుండా విత్తనానికి వదిలెయ్యమన్నాడు. వదిలాను. మా అమ్మాయి రోజూ వెళ్ళి కాయ ఎండిందా అని చూసొస్తోంది.