బ్రౌజర్‌లో కాపురమున్నవాళ్లు

గవర్నర్‌పేటలో ఏళ్లుగా డీటీపీ చేస్తున్న ఒక ఆపరేటర్‌కు నెల మొదట్లో ఓ అలవాటు ఉంది. షట్టర్ ఎత్తి, దేవుడి పటం ముందు అగరబత్తి వెలిగించి, శుభలేఖల పని ముట్టుకోకముందే క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరుస్తాడు. తెలుగు టైపింగ్‌కు పెట్టుకున్న గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఉండాలి. పీడీఎఫ్‌ను వర్డ్‌గా మార్చేది, వీడియో దించేది, స్క్రీన్‌షాట్ తీసేది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో గుర్తుండదు. అవసరం ఒక్క పూటది, కాపురం ఏళ్లది.

ఆయన జాగ్రత్తకు కారణం ఉంది. ఆ కంప్యూటర్‌లోనే కస్టమర్లు తమ మెయిల్ తెరుస్తారు, ఆధార్ ప్రింట్లు తీయించుకుంటారు. చాలా ఎక్స్‌టెన్షన్లు పెట్టేటప్పుడు, అవి అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలవు, మార్చగలవు అని ఓ చిన్న పెట్టె చెబుతుంది. అందులో ఒక్క అక్షరం కూడా అతిశయోక్తి కాదు. హెచ్‌టీటీపీఎస్ కాపాడేది దారిలో వెళ్లే సమాచారాన్నే. పేజీ తెర మీదికొచ్చాక అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ కూడా మనతోపాటే చదువుతుంది.

మంచిదని పెట్టుకున్నది చివరిదాకా మంచిదిగానే ఉంటుందా? ర్యామ్ తక్కువున్న కంప్యూటర్లకు ప్రాణం పోసిన గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను దాదాపు 20 లక్షల మంది వాడారు. 2020లో దాని యజమాని మారాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికర సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి తీసేసింది. ఇల్లు చేతులు మారిన సంగతి అందులో ఉన్నవాళ్లకు తెలియనే లేదు.

సైబర్‌హేవెన్ సంగతి ఇంకా కలవరపెడుతుంది. డేటాను కాపాడడమే ఆ కంపెనీ వృత్తి. 2024 డిసెంబర్ 24న అక్కడి ఉద్యోగికి క్రోమ్ వెబ్ స్టోర్ పేరుతో ఓ మెయిల్ వచ్చింది. మీ ఎక్స్‌టెన్షన్ నిబంధనలు మీరింది, తొలగిస్తాం అని దాని సారాంశం. అతను లింకు నొక్కి, అవతలి యాప్‌కు అనుమతి ఇచ్చాడు. పాస్‌వర్డ్ పోలేదు. రెండంచెల రక్షణ ఉన్నా అది అడ్డుపడలేదు, ఎందుకంటే తలుపు తీసింది ఇంటివాడే. క్రిస్మస్ రోజున విషం కలిపిన కొత్త వెర్షన్ అప్‌డేట్ రూపంలో జనం బ్రౌజర్లలోకి వెళ్లింది. ఆ ఎక్స్‌టెన్షన్‌ను వాడేవాళ్లు సుమారు 4 లక్షల మంది. దొంగల కన్ను ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతాల మీద. అదే దాడిలో ముప్పైకి పైగా ఎక్స్‌టెన్షన్లు చిక్కుకున్నాయి. వాడేవాళ్లు ఏ లింకూ నొక్కలేదు, ఏ తప్పూ చేయలేదు. అప్‌డేట్ దానంతటదే వచ్చింది, అంతే.

అందుకే ఎక్స్‌టెన్షన్ల జాబితాను ఒక్కసారి చూసి ఊరుకుంటే చాలదని ఈ కాలమ్ నమ్మకం. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేసి పూడిక తీస్తారు. నిరుడు తీశాం కదా అని ఈ ఏడు వదిలేస్తే చివరి ఆయకట్టుకు నీళ్లు చేరవు.

గవర్నర్‌పేట ఆపరేటర్ ఇప్పుడు కస్టమర్లకు గెస్ట్ విండో తెరిచి ఇస్తున్నాడు. అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. మూసేస్తే లాగిన్ కూడా మిగలదు. ‘‘మామూలుది తెరవకూడదా అన్నా, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి’’ అని ఓ కుర్రాడు విసుక్కుంటే, ఆయన కీబోర్డు అతని వైపు జరిపి, తాను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.