బ్రేకు లైనింగు మన్నిక - ఏ లెక్కన?

ఘర్షణను గూర్చిన పాఠములలో ఘర్షణ గుణకమునకు ఒక్క అంకె నిచ్చి, అది ఆ పదార్థమునకు శాశ్వత స్వభావమన్నట్లు విడిచిపెట్టుట వాడుక. లెక్కలు తేలికగా సాగును గాని, ఏ లైనింగు ఎక్కువ కాలము మన్నునని విద్యార్థి అడిగినచో ఆ పాఠమునుండి జవాబు రాదు.

జనగామలోనో మహబూబాబాదులోనో ఆగు రైలును చూడుడు. 50 టన్నుల పెట్టె గంటకు 72 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో దాని గతిజశక్తి 1 కోటి జౌళ్లు. ఆ శక్తి ఎనిమిది చక్రములకు పంచబడి, కొంతసేపు మెల్లగా వేడిగా మారును. పాతరకపు పెట్టెలలో చక్రమును నొక్కు పోతయినుప దిమ్మకు వేగము హెచ్చినకొలది పట్టు తగ్గును. బండి నెమ్మదించినకొలది పట్టు పెరుగును. ఆగబోవునప్పటి కుదుపునకు ఇదియొక కారణము. గుణకము స్థిరమన్న మాట ఇక్కడనే ఓడినది. రెజినులో నార, లోహపు పొడి కలిపి చేసిన దిమ్మ నిలకడగా పట్టును, ఎక్కువ కాలము మన్నును. అయితే వేడిని తనగుండా పోనీయదు గనుక ఆ భారము చక్రముపై పడును. దిమ్మను మాత్రమే తూచువాడు చక్రమునకు కలిగిన నష్టమును లెక్క వ్రాయడు!

భూపాలపల్లి ఉపరితల బొగ్గుగనిలోనికి దిగు డంపరు కష్టము వేరు. వాలు పొడుగునా బ్రేకు పట్టియుంచినచో లైనింగు కాగి పట్టు జారును.

ఇక విమానము. రన్‌వేకు అడ్డముగా కట్టిన ఉక్కు తాడును యుద్ధవిమానపు కొక్కెము అందుకొనగానే, ఇరువైపుల డ్రమ్ములకు చుట్టిన పట్టీలు విప్పుకొనును. ఆ డ్రమ్ములను వరుసగా పేర్చిన బిళ్లల బ్రేకులు నిలువరించును. అమెరికావారి బీఏకే-12 ఈ తరగతిది. 20 టన్నుల విమానము సెకనుకు 70 మీటర్ల వేగముతో వచ్చి, 300 మీటర్లలో సమముగా మందగించి ఆగినదనుకొనుడు. 4.9 కోట్ల జౌళ్లలో అధికభాగమును బ్రేకులు సుమారు 9 సెకనులలో మ్రింగవలెను. ఆ మొత్తము 160 లీటర్లకు పైగా నీటిని 30 డిగ్రీలనుండి మరుగుదాకా కాచగల వేడి.

విమాన చక్రముల బ్రేకులలో ఎరిగిన సంగతి యొకటి ఇక్కడ పనికివచ్చును. ఉక్కు బ్రేకు ముఖ్యముగా మ్రింగిన శక్తినిబట్టి అరుగును. కర్బన బ్రేకు ఎన్నిసార్లు నొక్కినారన్న దానినిబట్టి అరుగును. చిన్న నొక్కులు అనేకమైనచోట కర్బనము తన మేలు పోగొట్టుకొనును; అరుదుగా జరుగు భారీ ఆపుదలలో ముందుండును. కనుక ఒకటి మరొకదానికంటె ఇన్ని రెట్లు మన్నునను ఒంటి అంకెను, అది ఏ పనిలో కొలిచినదో చెప్పక ముద్రించుట తప్పు. ఆపుదలకు ఎంత శక్తి, ఎన్ని ఆపుదలలు, నడుమ చల్లారుటకు ఎంత వ్యవధి, ఎన్ని గ్రాములు అరిగినది - ఈ నాలుగును పక్కపక్కన ఉండవలెను. అరిగినది ఎక్కడికి పోయినదన్న ప్రశ్న కూడ కలదు: ఆస్బెస్టాసు లైనింగు వేడికి బాగుగా ఓర్చెడిది, దాని ధూళి మాత్రము ఊపిరితిత్తులను చెరచెడిది.