నక్షత్రాలు చదవొచ్చు, వాడను చదవకూడదా?

మేఘనాద్ సాహా 1920లో స్కాలర్‌షిప్‌తో యూరప్ వెళ్లాడు. ఆయన అయనీకరణ సూత్రాన్ని ఫిజిక్స్ పుస్తకాలు చెప్తాయి. కలకత్తా హాస్టల్లో కులం పేరున ఆయన్ని విడిగా కూర్చోబెట్టి తిండి పెట్టిన సంగతి చెప్పవు. ప్రతిభ ఒక్కటీ ఉంటే చాలనే వాదన ఈ దాపరికం మీదే నిలబడింది.

మరి ప్రధానంగా దళితుల కోసం ఉన్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతేమిటి? 2025లో 106 మందిని ఎంపిక చేశారు. నిధుల్లేవంటూ మొదట 40 మందికే పత్రాలిచ్చారు. మిగతా వాళ్లకి ప్రతిభ లేకనా? విదేశంలో వచ్చిన సీటు మన ఖజానా కోసం ఆగుతుందా?

2022లో భారత సమాజం, చరిత్ర, సంస్కృతి మీద పరిశోధనను ఈ పథకం నుంచి తీసేశారు. అంటే దళిత విద్యార్థి నక్షత్రాల్ని చదవొచ్చు, తన వాడను మాత్రం చదవకూడదన్నమాట! మేము అడిగేది రెండే: ఎంపికైన ప్రతివారికీ సకాలంలో డబ్బు, ఏం చదవాలో తేల్చుకునే హక్కు.