టికెట్టు కథ దగ్గర ఆగని పుస్తకం

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరెత్తగానే అందరూ ఒకే కథ చెబుతారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ 14 ఏళ్ల పిల్ల, టికెట్టు లేదని నెహ్రూగారిని ఆపేసింది. కథ గొప్పదే. అది విని మురిసిపోయి మనం అక్కడే ఆగిపోయాం. ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఆగలేదు. ముందుమాట అడగ్గానే నేను ఒప్పుకున్నది అందుకే.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినామె న్యాయశాస్త్రం ఎందుకు చదివింది? ఈ ప్రశ్న వేసుకున్న అధ్యాయమే పుస్తకానికి ఆయువుపట్టు. వేలూరు జైల్లో ఆమె పక్కన ఉన్నది అక్షరం రాని ఆడఖైదీలు. కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియక శిక్ష పడ్డవాళ్లు. బయటికొచ్చి ఆమె బెనారస్ మెట్రిక్‌తో మొదలుపెట్టి లా దాకా చదివింది. చదువుతూనే మద్రాసులో ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్లకు పాఠాలు చెప్పింది. ఆ పాఠాల నుంచే 1937లో ఆంధ్ర మహిళా సభ వెలిసింది. రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో సభ్యత్వం తర్వాతి మాట.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు ఆమే. చదువు ఆగిపోయిన స్త్రీల కోసం ఆ బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. మా పిన్ని అందులో చదువుకుంది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికొచ్చిన మనిషి. 26వ ఏట కిరసనాయిలు దీపం దగ్గర పలక మీద భిన్నాలు చేస్తూ, తప్పుపోతే కొంగుతో తుడిచి మళ్లీ మొదలుపెట్టేది. టీచరై తన జీతంతో తను బతికింది. దుర్గాబాయమ్మ ఫోటో చివరిదాకా ఆమె ట్రంకు పెట్టెలో ఉంది.

ఈ పుస్తకంలో ఇతర నాయకురాళ్ల కథలూ ఉన్నాయి. అక్కడ ఒక్క లోటు చెప్పకపోతే పెద్దరికం అనిపించుకోదు. సికింద్రాబాదులో దళిత కుటుంబంలో పుట్టి, అసెంబ్లీ డిప్యూటీ స్పీకరైన టి.ఎన్. సదాలక్ష్మి గారికి నాలుగే పేజీలా? మరో దళిత నేత ఈశ్వరీబాయి గారికి మూడా? రెండో సంపుటం రాయాలమ్మా. ఆ బాకీ నీదే.

పాఠకులకు ఒక మనవి. చదువు మధ్యలో ఆగిపోయిన అత్తో, పిన్నో, వదినో మీ ఇంట్లో ఉంటే, ఈ పుస్తకం ముందు ఆమె చేతికివ్వండి.