పులి–మేక గీతలు, సెల్‌ఫోను తెర

పులి–మేక ఆడుటకు కావలసిన సామగ్రి చాల స్వల్పము. ఒక బొగ్గుముక్క, గుప్పెడు గులకరాళ్ళు, మూడు చింతగింజలు ఉన్న చాలును. జగిత్యాల ప్రాంతమున ముత్యంపేటలో అరుగుమీద గీసిన ఆట పొలముగట్టున గీసినను అదే ఆట. గీతలు వంకరపోవచ్చును, పులికి బదులు గాజుపెంకు నిలువవచ్చును. అయినను స్థానములు 23, పులులు 3, మేకలు 15. ముత్యంపేటలో నేర్చినవాడు కోరుట్లకు పోయి మరల నేర్వనక్కరలేదు.

‘వెంట పోగల ఆట’ అను మాటకు రెండు అర్థములు కలవు. చేత పట్టుకొని పోదగినది అనునది మొదటి అర్థము. ఒక పీటనుండి మరియొక పీటకు చెడకుండ మారదగినది అనునది రెండవ అర్థము. తొలినాటి సెల్‌ఫోను ఆటలు మొదటి అర్థమున నెగ్గినవి; రెండవ అర్థమున పెక్కు తావుల ఓడినవి. ఆ ఓటమికి యంత్రముల చిన్నతనమే కారణమని సాధారణముగా చెప్పుదురు. అది సగము నిజము మాత్రమే.

మొదట గెలిచిన ఆటను చూతము. 1997లో నోకియా 6110 ఫోనుతోబాటు ‘స్నేక్’ అను పాము ఆట వచ్చినది. దానిని ఫోనుకొరకు రచించినవాడు ఫిన్లండు దేశీయుడగు తనేలి అర్మాంతో. పాము ఆట అప్పటికి క్రొత్తది కాదు; 1976లోనే ‘బ్లాకేడ్’ అను ఆటలో దాని మూలము కానవచ్చును. క్రొత్తదనమంతయు ఎంపికలో ఉన్నది. ఆ ఫోను తెరపై అడ్డముగా 84, నిలువుగా 48 చుక్కలు, అనగా మొత్తము 4,032 చుక్కలు కలవు. ఒక్కొక్క చుక్క నలుపో, కాదో అంతే. కావున తెర మొత్తమును 504 బైట్లలో వ్రాయవచ్చును. అట్టి ద్రవస్ఫటికపు తెర మెల్లగా మారును. త్వరగా కదలు బొమ్మ దానిపై అలుకుకొనిపోవును. పాము కదలునప్పుడో, తలవైపు ఒక గడి నిండును, తోకవైపు ఒక గడి ఖాళీ అగును. నడిమి శరీరము ఉన్నచోటనే ఉండును. మీటలు నాలుగు చాలును. ఒకసారి ఒకటి నొక్కిన చాలును. ఇట్లు యంత్రము యొక్క లోపములలో ఏదియు ఆటకు అడ్డురాదు. పాము ఆటకు కీర్తి వచ్చుట న్యాయమే.

కాని ఆ ఆట ఫోనులో పుట్టి ఫోనుతోనే ఉండిపోయినది. క్రొత్త ఆటలను తెచ్చి ఎక్కించు సౌకర్యము తరువాత వచ్చినది. సన్ మైక్రోసిస్టమ్స్ వారి జావా భాష 1990ల నడుమ ‘ఒకసారి వ్రాయుడు, ఎక్కడనైనను నడుపుడు’ అను వాగ్దానముతో వెలువడినది. 2000లో చిన్న పరికరములకై దాని సంక్షిప్తరూపము సిద్ధమైనది. ఏ కంపెనీ ఫోనైనను ఒకే ఆట నడుచునని జనులు ఆశించిరి.

ఆ ఆశ ఎక్కడ చెడినదో తెలియవలెనన్న, ముత్యంపేట విద్యార్థి యొకడు పులి–మేకను నాటి ఫోనుకు ఎక్కించదలచినాడని ఊహింపవచ్చును. మొదట ఆటను లెక్కలోనికి తేవలెను. ఒక్కొక్క స్థానము ఖాళీగానో, మేకతోనో, పులితోనో ఉండును. మూడు స్థితులను తెలుపుటకు రెండు బిట్లు చాలును. 23 స్థానములకు 46 బిట్లు. చేతిలో మిగిలిన మేకలు సున్న మొదలు 15 వరకు; అందుకు 4 బిట్లు. వంతు ఎవరిదో తెలుపుటకు ఒక బిట్టు. మొత్తము 51 బిట్లు, అనగా ఏడు బైట్లలో ఆట స్థితి యావత్తు ఇమిడిపోవును. చచ్చిన మేకలను వేరుగా వ్రాయనక్కరలేదు. 15 లోనుండి చేతిలోనివి, పీటమీదివి తీసివేసిన వాటి లెక్క తేలును.

ఇక బొమ్మ మాట. నోకియా వారి తొలి రంగుల జావా ఫోనులలో పెక్కింటికి 128 చుక్కల చదరపు తెర ఉండెను. చుక్కకు రెండు బైట్ల చొప్పున తెర నిండు బొమ్మ ఒకటి మెమరీలో విప్పినచో 32,768 బైట్లు పట్టును. ఆ తరగతి ఫోనులలో ఆట దస్త్రము మొత్తమే 64 కిలోబైట్లు దాటరాదు. నడుచునప్పుడు వాడుకొనుటకు సుమారు 200 కిలోబైట్లు మాత్రమే దొరకును. ఏడు బైట్ల ఆటకు ముప్పదిరెండు వేల బైట్ల అలంకారము! భారము ఆటలో లేదు, పీటలో ఉన్నది.

ఆ పీటయైనను ఒకటే కాదు. నోకియా 6600 తెర 176కు 208 చుక్కలు. నోకియా 6310ఐ తెర నలుపు–తెలుపు, 96కు 65. చిన్న తెరకు గీసిన పీట పెద్ద తెరపై ఒక మూలకు ఒదిగిపోవును. పెద్దదానికి గీసినది చిన్నదానిపై సగము కనబడదు. అంకెల మీటలకు సంకేతములు అందరికి ఒకటే కాని, తెరక్రింద ఎడమ మీటకు నోకియా వారు –6 అను సంకేతము వాడగా, ఇతరులు వేరు సంఖ్యలు వాడిరి. తొలి ప్రమాణములో తెర నిండ గీయుటకుగాని, హెచ్చరిక మ్రోతలు తప్ప వేరు ధ్వనికిగాని వీలులేదు. ఆ లోటును ప్రతి తయారీదారు తన సొంత పద్ధతిలో తీర్చెను. ఆ పద్ధతిని నమ్మిన ఆట పొరుగువాని ఫోనులో నడువదు. 2002లో వెలువడిన రెండవ ప్రమాణము ఈ లోట్లను కొంత పూరించినది. కాని అప్పటికే పాత ఫోనులు జనుల చేతులలో ఉండెను. గల్ఫు దేశములకు పనికై పోయినవారు ఎందరో కల జగిత్యాల ప్రాంతమున నాలుగు ఇండ్లలో నాలుగు కంపెనీల ఫోనులు ఉండుట వింత కాదు. నాలుగు ఇండ్లకు ఒకే ఆట ఇచ్చుటకు నాలుగు ఆటల శ్రమ పడవలెను.

మరియొక చిక్కు కాలమునకు సంబంధించినది. ప్రోగ్రాము ఒక చుట్టు తిరిగినపుడెల్ల బొమ్మను ఒక చుక్క జరిపినచో, వేగముగల ఫోనులో అది పరుగెత్తును, మందమైన ఫోనులో పాకును. దూరము వేగమును కాలమును గుణించిన వచ్చునని ఉన్నత పాఠశాల విద్యార్థి యెరుగును. గడియారమును చూచి జరిపినచో ఈ దోషము ఉండదు. ఇది యంత్రదోషము కాదు, రచయిత దోషము.

తెలుగు సంగతి మరింత కష్టము. తెలుగు అక్షరములకు యూనికోడులో 1991లోనే స్థానము దొరికినది. కాని సంకేతము వేరు, అక్షరరూపము వేరు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును వ్రాయుటకు ఆరు సంకేతములు వరుసగా రావలెను. వాటిని కూర్చి ఒత్తులు, గుడి తగినచోట పెట్టు పని ఫోను చేయవలెను. తెలుగు అక్షరములు లేని ఫోనులో ‘మీ వంతు’ అని చూపవలెనన్న ఆ మాటను బొమ్మగా గీయుటే దారి. బొమ్మ అనగా మరల బైట్ల భారము. ఆటను ఆంగ్లములో వదలుట సులభమైనది. ఆ సౌలభ్యమునకు ధర చెల్లించినది ఆంగ్లము రాని పిల్లవాడు.

ఇరుకే కళను పుట్టించినదని కొందరు తొలి ఫోను ఆటలను మెచ్చుకొందురు. ఇరుకు దానంతట అది ఏమియు పుట్టింపదు. 2003లో నోకియా వారే ఆటలకై ప్రత్యేకముగా ఎన్–గేజ్ అను ఫోను తెచ్చిరి. దాని తొలి నమూనాలో ఆట చీటి మార్చుటకు బ్యాటరీని ఊడదీయవలసి వచ్చెడిది. ఆటకై చేసిన యంత్రమే ఆటగానిని మరచినది. దీనికి విరుద్ధముగా 2005లో జాన్ కార్మాక్ మొదలగువారు ‘డూమ్’ అను వేగవంతమైన కంప్యూటరు ఆటను ‘డూమ్ ఆర్‌పీజీ’గా ఫోనుకు తెచ్చునప్పుడు, దానిని కుదించుటకు బదులు నడకనే మార్చిరి. ఆటగాడు ఒక అడుగు వేసిన తరువాతనే శత్రువు కదలును. వంతులవారీ ఆటకు మెల్లని తెర అడ్డు కాదు. నడుమ ఫోను మ్రోగినను నష్టము లేదు. పులి–మేకకు పుట్టుకతో ఉన్న గుణమే ఇది.

కావున జావా వాగ్దానము పూర్తిగా అబద్ధమనుట న్యాయము కాదు. కూడికలు, తీసివేతలు, ఎత్తుల తప్పొప్పులు అన్ని ఫోనులలోను ఒకే విధముగా నడిచినవి. తెర, మీట, ధ్వని, అక్షరము అను సరిహద్దులవద్ద వాగ్దానము తెగినది. నియమములను ఒక భాగముగా, తెరకు సంబంధించినదానిని వేరొక భాగముగా వ్రాసినవారు ఫోను మారినపుడు రెండవ భాగమునే మార్చుకొనిరి. రెండింటిని కలిపి కుట్టినవారు ఆట మొత్తమును విప్పవలసి వచ్చినది.

ఇందులో పోయినది శ్రమ మాత్రమే కాదు. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. దానిలో జావా లేదు, కర్మాగారమున పెట్టిన ఆటలే ఆటలు. జావా ఫోనులకు వ్రాసిన వేలకొలది ఆటలు నేటి ఫోనులలో నేరుగా నడువవు. నియమములు కాగితముపై లేక, ప్రోగ్రాములోనే చిక్కుకొన్న ఆట ఫోనుతోబాటు మాయమగును.

దీనిని తరగతిలో పరీక్షించుటకు ఫోను అక్కరలేదు. ఉపాధ్యాయుడు పులి–మేక స్థానములకు 1 మొదలు 23 వరకు అంకెలు వేయించి, ఏ స్థానమునుండి ఏ స్థానమునకు దారి కలదో పట్టిక వ్రాయించవచ్చును. ఆ పట్టికతో, పీటను చూడకుండ, ఇద్దరు విద్యార్థులు అంకెలు పలుకుచు ఆట ముగింపగలిగినచో ఆటను పీటనుండి వేరుచేసినట్లే. ఆ పట్టిక వ్రాయగలవాడు ఏ తెరకైనను ఆట వ్రాయగలడు. అది వ్రాయలేనివానికి ఎంత పెద్ద తెర ఇచ్చినను చాలదు.